సీసా మీది నవ్వు

ద్రాక్షతోట క్వార్టర్లు, నాశిక్ జిల్లా
ఆగస్టు 4

అక్కకు నమస్కారం.

ఫోన్లో ఏం చెప్పినా నేను "ఆఁ ఆఁ" అంటున్నానని అలిగి, ఇకమీదట ఉత్తరాలే రాయమన్నావు. ముప్పై ఏళ్ళు తెలుగు బడిలో పిల్లల చేత వ్యాసాలు రాయించావు. పోయిన ఏడు రిటైరయ్యాక నీకు నేనొక్కణ్ణే మిగిలినట్టున్నాను. రాస్తున్నాను. తప్పులు ఎర్ర సిరాతో దిద్ది తిరిగి పంపకు.

ఇక్కడి సంగతి వింటే నవ్వుతావు. మా వైన్ కంపెనీ సీసాల మీద లేబుల్ మారుస్తున్నారు. పాతదాని మీద ద్రాక్షగుత్తి, కొండ, సూర్యుడు ఉండేవి. దాన్ని గీసిందీ నేనే, ఇప్పుడు చింపేదీ నేనే. ముంబయి నుంచి శీతల్ మేడం అని కొత్తావిడ వచ్చింది. "ద్రాక్షలు ఎవరి సీసా మీదైనా ఉంటాయి, మనకు కథ కావాలి" అంది. కథ కోసం మూడు వారాలు కంప్యూటర్లో వెతికింది. చివరికి నేను షోలాపూర్‌లో నేతవాళ్ళ ఇంట్లో పుట్టానని తెలిసి, కుర్చీలోంచి లేచి నా రెండు చేతులూ పట్టుకుని చూసింది. వేళ్ళ మధ్య నూలు పోగులేమైనా అతుక్కుని ఉన్నాయేమోనని కాబోలు.

లేబుల్ గీసేవాడికి రుచి తెలియాలట. నన్ను కూడా బల్ల ముందు కూర్చోబెట్టారు. తెల్ల గుడ్డ పరిచిన బల్ల, మనిషికి ఆరు గ్లాసులు, ఉమ్మడానికి పక్కన స్టీలు బకెట్. గ్లాసు గిర్రున తిప్పుతారు, ముక్కు లోపల పెడతారు, కళ్ళు మూస్తారు, నోట్లో పోసుకుని పుక్కిలించి ఉమ్ముతారు. ఆ తర్వాత పవచనం మొదలు. ఎర్ర వైన్ గురించి ఒకాయన "తోలు, వాన పడ్డ మట్టి" అన్నాడు. ఇంకొకాయన "కాదు, పాత పుస్తకం" అన్నాడు. ఇరవై నిమిషాలు వాదించుకున్నారు. శీతల్ మేడం "అమ్మమ్మ ట్రంకుపెట్టె" అని తీర్పు చెప్పింది. అమ్మమ్మ పెట్టెలో కలరా ఉండల వాసన తప్ప ఏముంటుంది అక్కా?

ఎర్రదానికి "పడుగు", తెల్లదానికి "పేక" అని పేర్లు ఖాయం చేశారు. మగ్గం మాటలు కావాలంటే నేనే చెప్పాను. లేబుల్ మీద ఒక నేతగాడి బొమ్మ ఉంటుంది. ఎవరిదో తర్వాత రాస్తాను.

నీ తమ్ముడు
వినాయక్


దాజీ పేట్, షోలాపూర్
ఆగస్టు 19

వినాయక్‌కు అక్క ఆశీస్సులు.

ప్రవచనంలో "ప" కింద రావత్తు ఇవ్వడం మరిచావు. దిద్దలేదు, చెబుతున్నాను అంతే.

పేక అంటే మన వాడలో మగ్గం మీద అడ్డంగా పోయే పోగు. మిగతా తెలుగువాళ్ళందరికీ చేతిలో పదమూడు ముక్కలు. అంటే తాగుడు ఒక సీసాలో, జూదం ఇంకో సీసాలో. మూడో సీసా కూడా వస్తే దానికి తగ్గ పేరు నాకు తెలుసు. పంతులమ్మగా బతికినదాన్ని, నా నోటితో చెప్పను.

నీ ఉత్తరం వచ్చినప్పుడు పక్కింటి చంద్రభాగ మా గడపలో కూర్చుని బీడీలు చుడుతోంది. చదివి వినిపించాను. ఆమె చేతిలో ఆకు ఆగిపోయింది.

"ఉమ్ముతరా? ఉమ్మేదుంటే కొనేదెందుకక్కా?"

"రుచి చూస్తారట."

"మట్టి రుచి, తోలు రుచి కావాల్నంటే మా గల్లీల చెప్పులిడిసే కాడికి రమ్మను. పైస గూడ ఇయ్యొద్దు." ఆకు మళ్ళీ చుడుతూ అడిగింది, "మా బీడీ కట్ట మీద సగానికెక్కువ పుండైన నోరు బొమ్మ ఏస్తరు. గవర్మెంట్ రూలు. ఆ బాటలీ మీదేం బొమ్మ ఏస్తరట?"

"నేతగాడి బొమ్మ."

"పుండైన నేతగాడా, మంచిగున్న నేతగాడా?"

నీ మేడంకు ఇంతకంటే బుద్ధిగల ప్రశ్న ముంబయిలో ఎవరూ వేసి ఉండరు.

రెండు సంగతులు అడుగుతున్నాను, ఫోన్లో లాగా "ఆఁ" అనకుండా జవాబు రాయి. ఆ బల్ల ముందు నువ్వు ఉమ్ముతున్నావా, మింగుతున్నావా? లేబుల్ మీదికి ఎక్కబోయే నేతగాడు ఎవరు?

అక్క
గోదావరి


ద్రాక్షతోట క్వార్టర్లు
సెప్టెంబరు 12

అక్కా,

పేక అంటే పేకముక్కలు కూడానని శీతల్ మేడంకు చెప్పాను. "అయ్యో, ఎంత సరదాగా ఉంది!" అని చప్పట్లు కొట్టింది. కాబట్టి పేక పేకే.

రెండో విడత రుచి చూడటం అయింది. ఎర్రదాన్ని ఫ్రాన్సు చెక్కతో చేసిన పీపాల్లో పద్నాలుగు నెలలు పడుకోబెట్టారు. లేచి వచ్చాక అది మిరియాల కషాయంలా ఉంది. దగ్గుకు పనికొస్తుంది. గులాబీరంగుది ఇంకొకటి ఉంది. దాన్ని తాగి ఆ పెద్దమనుషులు "వేసవి సాయంత్రం" అన్నారు. షోలాపూర్ వేసవి సాయంత్రం వీళ్ళకు తెలిస్తే ఆ మాట అనరు. కానీ అబద్ధం ఎందుకు, తెల్లది మాత్రం బాగుంది. ఈ జనవరిలో కోసిన కాయలది. అప్పుడే కొరికిన దోరజామకాయ వాసన, వెనకాల కోసిన పచ్చగడ్డి వాసన. అది నోట్లో పడ్డప్పుడు ఎవరినీ వెక్కిరించాలనిపించలేదు.

ఇక నేతగాడి సంగతి. మేడం మొదట ముంబయి నుంచి ఒక మోడల్‌ని తెప్పించింది. తలకు పగిడీ చుట్టి, అద్దెమగ్గం ముందు కూర్చోబెట్టి ఫోటోలు తీయించింది. పేక పోగును అటూ ఇటూ మోసే నాడెను వాడు దువ్వెన పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. చూడలేకపోయాను. మరుసటి రోజు నా దగ్గరున్న ఫోటో తీసుకెళ్ళి ఇచ్చాను. పదిహేనేళ్ళ కిందట, కొత్త కెమెరా కొన్నప్పుడు నేను తీసింది. బావ మగ్గం మీద కూర్చుని, గోడకు వేలాడదీసే పటం నేస్తూ, తలెత్తి నవ్విన ఫోటో.

మన రామచంద్రం బావే అక్కా. నాకు గళ్ళ కాగితం మీద బొమ్మ గీయడం నేర్పింది ఆయనే కదా. ఆయన నేర్పినట్టే గడి గడిగా నింపి ఆయన ముఖం గీశాను. నూలుగుడ్డ లాంటి మందపాటి కాగితం, రెండు పక్కలా చీర అంచులా సన్నగీత. నవ్వు కింద ఇంగ్లీషులో "శ్రమలోని ఆనందం" అని ఉంటుంది. నమూనా జతచేశాను. నేను జీవితంలో గీసినవాటిలో ఇదే మంచిది.

కుటుంబం నుంచి ఒప్పుకోలు పత్రం కావాలట. అదీ పెట్టాను. సంతకం చేసి పంపు. కామెర్లు తీసుకుపోకపోతే ఇవాళ ఆయనే చూసి మురిసేవాడు.

వినాయక్


దాజీ పేట్
సెప్టెంబరు 25

వినాయక్,

నమూనా అందింది. బొమ్మ బాగా గీశావు. అందులో వంక పెట్టలేను.

నువ్వు ఆ ఫోటో తీసిన రోజు నాకు గుర్తుంది. పొద్దున ఎనిమిది కాలేదు. నేను బడికి వెళ్ళడానికి చీర మార్చుకుంటున్నాను. నువ్వు కెమెరా పట్టుకుని "బావా, ఇటు చూడు" అన్నావు. ఆయన నవ్వాడు.

పనిలో ఉన్నప్పుడు మీ బావ నవ్వగా నువ్వెప్పుడైనా చూశావా? నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, కనుబొమలు ముడిచి, ఎవరు పిలిచినా కసిరేవాడు. ఒక పోగు తప్పితే పటంలో దేవుడికి మెల్లకన్ను వస్తుందని భయపడేవాడు. నువ్వు ఫోటో తీసింది పని చేసే మనిషిని కాదు. అప్పటికే కొంతం చౌక్ అవతలి సారా కొట్టుకు వెళ్ళి, తాగి, తిరిగి వచ్చి మగ్గం మీద ఊరికే కూర్చున్న మనిషిని. ఆ నవ్వు నాకు తెలుసు. ఆ నవ్వును చూసి రోజూ బడికి వెళ్ళేదాన్ని. సాయంత్రం వచ్చేసరికి అది ఇంకో రూపంలో ఉండేది.

కామెర్లని నీకు చెప్పాను. కళ్ళు పచ్చబడిన మాట నిజమే. డాక్టరు కామెర్లు అనలేదు. కాలేయం కుళ్ళిందన్నాడు. నలభై ఏడేళ్ళకు తాగుడుతో పోయాడు మీ బావ. ఆయన్ను తీసుకొచ్చి సారా సీసాకు అంటించావు. కింద "శ్రమలోని ఆనందం" అని కూడా రాశావు.

పత్రం మీద సంతకం చేయలేదు.

గోదావరి


ద్రాక్షతోట క్వార్టర్లు
అక్టోబరు 10

అక్కా,

రెండు వారాలు నీకు ఏమి రాయాలో తెలియలేదు. ఇప్పుడూ తెలియదు. కోపం మాత్రం వస్తోంది. అదే రాస్తాను.

బావకు కామెర్లని నువ్వు చెప్పినప్పుడు నేను పుణెలో ఉన్నాను. నేలఉసిరి మంచిదని ఎవరో చెబితే, పని అయ్యాక కాలువగట్ల మీద వెతికి, వేళ్ళతో సహా పీకి, కడిగి, తడిగుడ్డలో చుట్టి వారం వారం పంపాను. "అందింది, నూరి ఇస్తున్నాను, తేటపడుతున్నాడు" అని నువ్వు జవాబు రాశావు. అందమైన చేతిరాతతో. "సత్యమునే పలుకవలెను" అని ముప్పై ఏళ్ళు నల్లబల్ల మీద రాసిన చేయి అది! నా "ప"కు రావత్తు లేదని పట్టుకున్నావు. నీ ఉత్తరాల్లో మనిషి చావు కారణమే లేదు. దాన్ని ఎవరు దిద్దాలి?

తాగేవాడని నాకు తెలియదా అంటావేమో. పండక్కో పబ్బానికో తాగుతాడని తెలుసు. పొద్దున ఎనిమిదికి తాగుతాడని తెలియదు. నాకు తెలిస్తే ఆ నేలఉసిరి బదులు నేనే వచ్చేవాణ్ణి. వచ్చి ఏం చేసేవాణ్ణో అది వేరు. రానివ్వలేదు కదా నువ్వు. అంత్యక్రియలకు వచ్చినప్పుడు కూడా "కామెర్లు ముదిరాయి" అనే అందరి ముందూ ఏడ్చావు.

ఆగస్టులో నువ్వు అడిగినదానికి ఇప్పుడు జవాబు. మింగుతున్నాను. రెండు నెలలుగా. రుచి చూసేది పొద్దున పదకొండు గంటలకు. బకెట్ వైపు వంగుతాను, ఉమ్మినట్టు చేస్తాను. నీ ఉత్తరం చదివాక అద్దం ముందు నిలబడి నవ్వి చూసుకున్నాను. నేను గీసిన బొమ్మే కనబడింది. మొన్నటి బల్ల దగ్గర మొదటిసారి నిజంగా ఉమ్మాను. చప్పుడుకు మేడం తిరిగి చూసింది.

ఇక్కడ అచ్చుకు తొందర పెడుతున్నారు. నువ్వు సంతకం చేయకపోతే ఆ పగిడీవాడి ఫోటో ఎక్కుతుంది.

వినాయక్


దాజీ పేట్
అక్టోబరు 27

తమ్ముడూ,

నీ ఉత్తరంలో ఒక్క తప్పు కూడా లేదు.

నేలఉసిరి కట్టలు అందేవి. మొదటి రెండు నూరి ఇచ్చాను. మూడోది ఇచ్చినప్పుడు గిన్నె విసిరికొట్టాడు. తర్వాత వచ్చినవి ఎండబెట్టి చంద్రభాగ మేకకు వేశాను. "తేటపడుతున్నాడు" అని నీకు రాశాను. ఎందుకంటే, పంతులమ్మ మొగుడు తాగి పడిపోయాడంటే రేపు తరగతిలో వెనక బల్ల పిల్లలు నా ముఖం ఎలా చూస్తారోనన్న భయం. నా భయం అంతే. ఆయన ప్రాణం కంటే నా తరగతి పెద్దదనుకున్నాను. నన్ను నేను ఏమని తిట్టుకోవాలో, ఇన్ని పద్యాలు బోధించినదాన్ని, నాకు మాట దొరకడం లేదు. నువ్వే తిట్టు. కానీ తాగకు.

పత్రం గురించి చాలా ఆలోచించాను. నేను సంతకం చేయకపోతే ఆ పగిడీవాడు నవ్వుతూ మన వాడ పేరు మీద సీసాలు అమ్ముతాడు. చేస్తే మీ బావ అమ్ముతాడు. రెండూ ఒకటే, ఒక్క తేడా ఉంది. మీ బావ దగ్గర చెప్పడానికి ఒక సంగతి ఉంది.

సంతకం చేసి పంపుతున్నాను. ఒకటే షరతు. దాన్ని పత్రం వెనక నా చేత్తోనే రాశాను. బొమ్మ చుట్టూ ఈ వాక్యాలు తెలుగులో అచ్చు వేయాలి, ఒక్క అక్షరం మార్చకుండా:

"ఈయన పేరు రామచంద్రం. దాజీ పేట్‌ల మగ్గం నేసెటోడు. నలభై ఏడేండ్లకు పోయిండు. కామెర్లు కాదు, తాగుడే."

బడి తెలుగులో రాయలేదు. ఆయన మాట్లాడిన తెలుగులో రాశాను. నీకు ధైర్యం ఉంటే అచ్చు వెయ్యి. లేకపోతే పత్రం చింపి పారెయ్యి, ఉద్యోగం నిలబెట్టుకో. నేను ఎవరితోనూ చెప్పను. చెప్పకపోవడం నాకు బాగా అలవాటు.

అక్క


ద్రాక్షతోట క్వార్టర్లు
నవంబరు 30

అక్కా,

నీ పత్రం మేడం బల్ల మీద పెట్టాను. సంతకం చూసింది, తిప్పింది, వెనకాల నీ అక్షరాలు చూసింది. "ఇది ఆమె చేతిరాతా? భార్య చేతిరాతా?" అని అరిచి నలుగురిని పిలిచింది. జిలేబీల్లా ఉన్నాయన్నారు. ముగ్గుల్లా ఉన్నాయన్నారు. ఒకాయన వేలితో తడిమి "ఇందులో ఒక లయ ఉంది" అన్నాడు. ఆయనకు తెలుగు అక్షరం ఎటు తలో ఎటు తోకో తెలియదు. పత్రాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు.

"ఏమి రాసిందామె?" అని మేడం నన్ను అడిగింది.

నేను ఏమి చెప్పానో, చివరికి లేబుల్ మీద ఏది ఎక్కిందో ఈ ఉత్తరంలో రాయను. అచ్చు అయిపోయింది. డిసెంబరు 21న మధ్యాహ్నం హోట్గి రోడ్‌లో పెద్ద హాలు తీసుకున్నారు. "నేతగాళ్ళ నడుమే విడుదల" అట. మగ్గాల కార్ఖానాల యజమానులను, మన వాడ పెద్దలను పిలిచారు. నీకు పిలుపు వస్తుంది, వెళ్ళు. నన్ను కూడా రమ్మన్నారు. కడుపునొప్పి అని చెప్పాను. అబద్ధమే. మన ఇంటి విద్య.

వినాయక్


దాజీ పేట్
డిసెంబరు 22

వినాయక్,

నిన్న వెళ్ళాను. చంద్రభాగను వెంట తీసుకెళ్ళాను. ఆమెను గుమ్మం దగ్గర ఆపి పిలుపు కాగితం అడిగారు. "నేను మోడల్ను" అంది. లోపలికి వదిలారు.

వేదిక మీద ఒక మగ్గం నిలబెట్టారు. దాని మీద మన కిష్టయ్య తాతను కూర్చోబెట్టారు. డెబ్బై నాలుగేళ్ళ మనిషికి బంగారురంగు పగిడీ చుట్టి, ఊరికే నాడె ఆడించమన్నారు. నాడెలో పోగు లేదు. ఆయన ఆ ఉత్త నాడెను అటు విసురుతూ ఇటు విసురుతూ, నన్ను చూసి సిగ్గుపడ్డాడు. ముందు వరుసలో సూట్లవాళ్ళు గ్లాసుల్లో ముక్కులు ముంచుకుని కూర్చున్నారు. నువ్వు రాసినప్పుడు కల్పించావనుకున్నాను. తక్కువే రాశావు.

మా బల్ల మీద కూడా సీసాలు పెట్టారు. చేతిలోకి తీసుకున్నాను. మీ బావ నవ్వుతున్నాడు. చుట్టూ అంచులాగా నా అక్షరాలు. మొదటి వాక్యం చూశాను, రెండోది చూశాను, సీసా తిప్పాను. నాలుగో వాక్యం కూడా ఉంది. సీసా ఇంకోసారి తిప్పి మొదటి నుంచి చదివాను. పిరికివాడివని అనుకున్నాను నిన్ను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

చంద్రభాగ కూడబలుక్కుని చదివి నా మోచేయి గిల్లింది. "అక్కా, ఇది వాళ్ళకు ఎర్కేనా?"

ఎరుక లేదు. అది నాకెలా తెలిసిందంటే, మీ మేడం మైకు పట్టుకుని వేదిక ఎక్కి, మరాఠీలో, ఇంగ్లీషులో ఏవేవో చెప్పి, "ఈ లేబుల్ మీద నేతగాడి భార్య స్వయంగా రాసిన కవిత ఉంది, దాన్ని ఒక నేతగాడి గొంతులోనే విందాం" అని సీసా తీసుకెళ్ళి కిష్టయ్య తాత చేతికిచ్చింది. కవిత అట!

తాత సీసాను కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. దూరంగా పెట్టుకున్నాడు. పెద్దగొంతుతో చదివాడు. "ఈయన పేరు రామచంద్రం. దాజీ పేట్‌ల మగ్గం నేసెటోడు. నలభై ఏడేండ్లకు పోయిండు." అక్కడ ఆగాడు. మైకులో ఆయన ఊపిరి వినబడింది. "కామెర్లు కాదు, తాగుడే."

సూట్లవాళ్ళు చప్పట్లు కొట్టారు. మీ మేడం "కితీ సుందర్!" అని మెచ్చుకుంది. మనవాళ్ళు కూర్చున్న సగం హాలు మాత్రం కదల్లేదు. సగం చప్పట్లు, సగం నిశ్శబ్దం. అటువంటి చప్పుడు నేనెప్పుడూ వినలేదు. ముందు చప్పట్లు ఒక్కొక్కటే తగ్గాయి. ఒక కార్ఖానా యజమాని వంగి మీ కంపెనీ శేఠ్ చెవిలో మరాఠీలో చెప్పాడు. శేఠ్ చేతిలో గ్లాసు బల్ల మీదికి దిగింది. పక్కనే ఉన్నవాడిది దిగింది. వరసగా దిగాయి.

తాత మాత్రం మైకు వదల్లేదు. పగిడీ తీసి మగ్గం మీద పెట్టి, "ఖరేనే, ఉన్నదే రాసింది పంతులమ్మ. నేనే మోసిన. పాడెకు ముంగటి పక్క. దూది లెక్క ఉండె మనిషి" అన్నాడు. అని దిగిపోయాడు.

మీ మేడం నా దగ్గరికి పరుగున వచ్చి, "మీరెందుకిలా చేశారు?" అని అడిగింది. "ఏం చేశాను? మీకు కథ కావాలన్నారట" అన్నాను. ఆమె ముఖంలో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువ ఉంది. మా కథలకు చివర ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేరు.

వచ్చేముందు ఆ తెల్లదాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నువ్వు రాసింది అబద్ధం కాదు. దోరజామకాయే. ఇంత మంచి వాసన దానికి ఎందుకుండాలి? దుర్వాసన వస్తే సులువుగా తిట్టేదాన్ని.

అక్క


పుణె
జనవరి 9

అక్కా,

ఊరు చూసి అర్థమయి ఉంటుంది. హాల్లో అది జరిగిన మరుసటి రోజు పొద్దున్నే నన్ను పంపేశారు. "ఏమి రాసిందామె" అని అడిగినప్పుడు, "పేరు, ఊరు, వయసు" అని చెప్పాను. మూడూ నిజమే. నాలుగోది వాళ్ళు అడగలేదు. శేఠ్ నన్ను ద్రోహి అన్నాడు. సీసాలన్నీ వెనక్కి తెప్పించి లేబుళ్ళు గీకిస్తున్నారు. నేను గీసిన మంచి బొమ్మను బ్లేడుతో గీకుతున్న చప్పుడు వింటూ సామాను సర్దుకున్నాను.

వారం తర్వాత శీతల్ మేడం ఫోన్ చేసింది. తిడుతుందనుకున్నాను. ఆ హాల్లో జరిగింది ఎవరో ఫోన్లో తీసి నలుగురికీ పంపారట, ముంబయిలో చాలా మంది చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారట. "మీ అక్క వాక్యాలను ఇంగ్లీషులో, కాస్త మృదువుగా, వెనక లేబుల్ మీద వేద్దామా? బాధ్యతగా తాగండి అనే సందేశంలాగా?" అని అడిగింది. నిజంగా అడిగింది అక్కా. బావ చావును కూడా తిప్పి, ముక్కు పెట్టి, వాసన చూసింది.

మా అక్క చేతిరాత ఇంగ్లీషులో రాదని చెప్పి పెట్టేశాను.

ఇక్కడ బడి పుస్తకాలు అచ్చువేసేచోట పని దొరికింది. మూడో తరగతి లెక్కల పుస్తకానికి అట్ట గీస్తున్నాను. ఐదు మామిడిపండ్లు, మూడు కాకులు. ఆ ఒక్కసారి ఉమ్మాక కూడా తాగాను, ఇప్పుడు నెల దాటింది, చుక్క ముట్టలేదు. సాయంత్రాలు చేతులు వణుకుతున్నాయి, అందుకే కాకులు కాస్త వంకరగా వచ్చాయి. ఈ సంగతి కూడా దాచకుండా రాస్తున్నాను.

వినాయక్


దాజీ పేట్
జనవరి 24

తమ్ముడూ,

వణుకు రెండు మూడు నెలలుంటుందని ఇక్కడి డాక్టరమ్మ చెప్పింది. నీ పేరు చెప్పే అడిగాను. తిన్నగా గీయడం తర్వాత, ముందు తిన్నగా తిను. మరీ కష్టంగా ఉంటే అక్కడి ఆసుపత్రికి వెళ్ళు, సిగ్గుపడకు.

ఇక్కడ జరిగింది రాస్తాను. కిష్టయ్య తాత ఆ రోజు హాల్లోంచి ఒక సీసా చంకలో పెట్టుకుని వచ్చాడట. వైన్ మోరీలో పోసి, సీసాను నీళ్ళలో నానబెట్టి, లేబుల్ చిరగకుండా ఊడదీసి నాకు తెచ్చిచ్చాడు. దాన్ని మా తలుపు మీద అంటించాను. పదమూడేళ్ళు దాచినదాన్ని వీధి మొత్తం చదవనీ అనుకున్నాను. బడికి వెళ్ళే పిల్లలు కూడా ఆగి చదివారు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. ఎవరూ నవ్వలేదు.

మూడో రోజు వెనక గల్లీ అంజమ్మ వచ్చింది. బీడీల చాట పక్కన పెట్టి తలుపు మీది అక్షరాలు మరోసారి చూసింది. తర్వాత, "పంతులమ్మా, మా ఆయనది గుండెపోటు అని చెప్పిన గద అందరికి" అంది.

"చెప్పావు."

"గుండెపోటు కాదు."

"తెలుసు అంజమ్మా."

"ఎర్కేనా?" అని నా ముఖంలోకి చూసింది. "మరి నీది గూడ మాకెర్కే ఉండె. ఎవ్వలం ఎవ్వలకు చెప్పలే." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నాది గూడ రాసియ్యి. నీదున్నట్లనే. పేరు, పేట్, ఎన్నేండ్లకు పోయిండు, దేనికి పోయిండు."

రాసిచ్చాను. ఆమె తీసుకెళ్ళి తన తలుపు మీద అంటించుకుంది. మరుసటి రోజు ఇద్దరు వచ్చారు. ఒకామె తన కొడుకుది రాయించుకుంది, ఇరవై తొమ్మిదేళ్ళు. నిన్నటికి పదకొండు తలుపులు. మన గల్లీలో కామెర్లు, గుండెపోటు, కడుపునొప్పి, చలిజ్వరం అన్నీ ఒకే జబ్బని తేలింది. వాడ పెద్దలు ఇద్దరు వచ్చి, "పరువు పోతోంది, తీసెయ్యి" అన్నారు. పరువు ఉన్న తలుపు ఒకటి చూపించండి, దాని మీద అంటించనని చెప్పాను. ఇద్దరూ వెళ్ళిపోయారు.

ఇవాళ సాయంత్రం చంద్రభాగ వచ్చి కాగితం అడిగింది. ఆమె మొగుడు ఎల్లయ్య బతికే ఉన్నాడు, రోజూ తాగుతాడు, నీకు తెలుసు. "బతికున్న మనిషిది ఎలా రాయమంటావే?" అన్నాను. "రాసి ఉంచు, ఎన్నేండ్లకో నేనేసుకుంట" అంది. ఆమె హాస్యానికి అనలేదు. నేను కలం తీశాను.

అప్పుడు బయట చెప్పుల చప్పుడయింది. ఎల్లయ్య గడప అవతల నిలబడ్డాడు. ఎప్పటినుంచి వింటున్నాడో తెలియదు. గడ్డం గీసుకుని, తలకు నీళ్ళు పెట్టి దువ్వుకుని వచ్చాడు. లోపలికి రాకుండా తలుపు మీది మీ బావ ముఖాన్నే చూస్తూ అన్నాడు.

"పంతులమ్మా, నాకు యాభై రెండు నడుస్తున్నయి. ఇయ్యాల్టి సంది తాగలే. నాది ఇప్పుడే రాయకు."

ఇవాళ్టి సంగతి ఇవాళ్టిదే, రేపటికి నాకు నమ్మకం లేదు, చంద్రభాగకు అసలే లేదు. అయినా కలం మూత పెట్టాను. లోపలికి వచ్చి కూర్చోమన్నాను. వచ్చి కూర్చున్నాడు.

అక్క
గోదావరి